బల్లకి రావద్దన్నాను గానీ బండెక్కొద్దన్నానా

ఒంగోలు,
శనివారం రాత్రి

చిరంజీవి జ్యోతికి నాన్న ఆశీస్సులు.

ప్రభువు కృపవల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలిసిందే, అదలాగే ఉంది. ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో అయితే "సరే నాన్నా, కుక్కర్ కూస్తోంది" అని పెట్టేస్తావు. ఈ మధ్య అదీ లేదు, రింగవుతుంది, ఎత్తవు. ఆఫీసులో ఆడిట్ అని అల్లుడుగారు చెప్పారులే. ఆడిట్ అయితే మాత్రం మధ్యాహ్నం అన్నం మానేస్తారా? పోయినసారి ఫొటోలో మెడ ఎముకలు కనపడుతున్నాయి.

గోంగూర పచ్చడి ఆర్టీసీ పార్సిల్‌లో వేశాను. రెండు సీసాలు. తడి గరిటె పెట్టకు, పైన నూనె తగ్గితే కాచి చల్లార్చి పోసుకో. ఒకటి మీకు, ఇంకోటి మీ పిన్ని కూతురు సుధకి. ఆ విషయం తర్వాత చెప్తాను.

మన గుడికి రంగులు వేస్తున్నారు. లేత నీలమా, తెలుపా అని కమిటీలో మూడు వారాల నుంచి కొట్లాట. జోయెల్ దగ్గు తగ్గిందా? మిరియాల పాలు తాగనంటే తేనె కలుపు. దోమతెర కట్టండి, హైదరాబాద్‌లో డెంగ్యూ అని పేపర్లో రాస్తున్నారు.

బుధవారం ప్రార్థన కూడికలో మార్తమ్మ ఏదో అందట. సుధ పిల్లాణ్ణి నీలోఫర్ ఆసుపత్రిలో చూపించడానికి వచ్చి, రాత్రి మీ అపార్ట్‌మెంట్ దాకా వస్తే, నువ్వు గుమ్మంలోనే నాలుగు మాటలు మాట్లాడి పంపించేశావని. మార్తమ్మ మాటల్లో సగం తీసేయాలని నాకూ తెలుసు. ఏ సగం తీసేయాలో తెలియకే ఇబ్బంది. మీ అమ్మ ఏమీ అనట్లేదు గానీ, పచ్చడి రెండో సీసా మాట ఆమెదే.

నిన్ను సంజాయిషీ అడగట్లేదు. సుధ మన విశ్వాసం కాని అబ్బాయిని చేసుకోవడం నాకూ నచ్చలేదు. రిజిస్ట్రార్ ఆఫీసుకి రమ్మని మీ పిన్ని ఎంత బతిమాలినా నేను వెళ్లలేదు. ఇవాళ అడిగినా అదే మాట చెప్తాను. "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అని నువ్వు ఫ్యామిలీ గ్రూపులో పెట్టావు. అందులో తప్పేముంది? నీ చేత ఆ వాక్యం కంఠతా పట్టించిందే నేను, వీబీఎస్‌లో, అదే సెలవుల బైబిల్ బడిలో, ప్రైజు కూడా తెచ్చుకున్నావు. స్టీలు గ్లాసు. ఇప్పటికీ మీ అమ్మ అందులోనే కాఫీ తాగుతోంది.

అయితే అమ్మా, ఆ వాక్యం పెళ్లికి ముందు చెప్పాల్సింది. పెళ్లయిపోయాక ఏం చేయాలో కూడా పౌలే రాశాడు, మొదటి కొరింథీ ఏడో అధ్యాయం తీసి చూడు. భర్త అవిశ్వాసి అయినా ఆమెతో కాపురం చేయడానికి ఇష్టపడితే అతణ్ణి విడిచిపెట్టవద్దన్నాడు. పిల్లల్ని కూడా పవిత్రులనే అన్నాడు. సుధ పిల్లాడికి ఇంకా ఏడాది నిండలేదు.

నువ్వు రెండో యోహాను పత్రిక చూపిస్తావని నాకు తెలుసు, "వానిని మీ యింట చేర్చుకొనవద్దు" అని ఉంది కదా అంటావు. నీతో వాదించడం నాకేమన్నా కొత్తా? అది దుర్బోధ పట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ల గురించి. సుధ నీకేం బోధ తెచ్చింది? డాక్టరు చీటీ తెచ్చింది.

సరే, ఉపన్యాసం వద్దనుకున్నాను. మీ తాతయ్య సంగతి చెప్తాను, విన్నదే అయినా విను. ఆయన ఊళ్లో ఉపదేశిగా, అంటే సంఘానికి వాక్యం చెప్పే మనిషిగా ఉన్న రోజులు. బర్నబా అని, కాస్త సేద్యం ఉన్న మనిషి, పెళ్లాం బతికుండగానే ఇంకొకామెని తెచ్చి పక్కింట్లో పెట్టాడు. తాతయ్య మత్తయి సువార్త పద్దెనిమిదిలో ఉన్నట్టే ముందు ఒక్కడే వెళ్లి చెప్పాడు, తర్వాత ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లి చెప్పాడు. బర్నబా వినలేదు. ఆదివారం సంఘం ముందు పేరు చదివి, ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి రావద్దన్నాడు. నేను ముందు వరసలో చాప మీదే ఉన్నాను, ఆయన గొంతు ఎక్కడా తడబడలేదు. బర్నబా పెద్ద భార్య అన్నమ్మ మీ నాయనమ్మ పక్కన కూచుని ఏడ్చింది. ఊళ్లో ఆమె పక్షాన నోరు తెరిచింది తాతయ్య ఒక్కడే, అది మర్చిపోకు.

ఆ ఏడు నవంబరులో తుపాను. అర్ధరాత్రి తలుపు దబదబా కొడుతున్నారు. బర్నబా. చిన్నామెకి నొప్పులు మొదలయ్యాయట, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. అతని ఎడ్లలో ఒకటి కుంటుతోంది. తాతయ్య మారుమాట లేకుండా మన ఎడ్లని కట్టాడు. నాయనమ్మ పాత చీరలు మూట కట్టుకుని బండెక్కింది. నా చేతికి హరికేన్ లాంతరు ఇచ్చి ముందు నడవమన్నారు. నల్లరేగడి కదా, చక్రాలు సగం దాకా దిగిపోయాయి. తాతయ్య ఒక పక్క, బర్నబా ఒక పక్క చక్రాలు పట్టుకుని తోస్తుంటే బురద ఇద్దరి మొహాల మీదా ఎగిరిపడేది. లాంతరు ఆరిపోతే నా వీపు మీద ఒకటి పడింది, అది ఇద్దరిలో ఎవరు కొట్టారో ఇప్పటికీ తెలీదు. తెల్లారేసరికి ఒంగోలు ఆసుపత్రికి చేరాం. తల్లీ బిడ్డా దక్కారు.

ఆదివారం సంఘపెద్దలు నిలదీశారు. "వెలేసింది నువ్వే, బండి కట్టిందీ నువ్వే, ఇదేం పద్ధతి పంతులూ?" అని. "బల్లకి రావద్దన్నాను గానీ బండెక్కొద్దన్నానా?" అన్నాడు తాతయ్య. బర్నబా ఊరికే ఉండలేక బస్తా జొన్నలు తెచ్చి మా అరుగు మీద దించాడు. "ఇవి బండి బాడుగా, బల్ల కోసమా?" అని తాతయ్య అడిగి, జవాబు రాకపోయేసరికి తిప్పి పంపేశాడు. ఆ తర్వాత ప్రతి కోత పండక్కీ బర్నబా రావడం, "ఈ ఏడైనా రానిస్తావా?" అనడం, "ఆ ఇల్లు సరిచేసుకో, అప్పుడు చూద్దాం" అని ఈయన అనడం, ఇద్దరూ మా అరుగు మీదే కూచుని అన్నం తినడం. ముసలాళ్లయ్యేదాకా ఇదే తంతు.

తాతయ్య ఇది ఎక్కడో చదివి నేర్చుకున్నది కాదు, మొదటి నుంచీ మన సంఘంలో ఉన్నదే. ధాత కరువు (1876-78) సంగతి సండే స్కూలు పిల్లలకి నువ్వే చెప్తుంటావు కదా. ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అనే అంకె చెప్పి ఊరుకుంటున్నావేమో. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో ఒక ముక్క కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో చచ్చే జనానికి తవ్వే పని ఇచ్చాడు. పలుగు పట్టుకునేవాణ్ణి ఏ దేవుడికి మొక్కుతావని అడగలేదు. బాప్తిస్మం ఇమ్మని వాళ్లే వచ్చి అడిగితే మాత్రం, కరువు పోయేదాకా ఇవ్వనన్నాడు, కూటి కోసం కలిశారనే మాట రాకూడదని. ఆ సాయం ఆగిపోయాకే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో అంతమందికీ ఇచ్చారు. మా జేజమ్మ వాళ్ల తాత ఆ గుంపులో ఉన్నాడని ఆమె చెప్పుకునేది. కూలి దగ్గరా, బాప్తిస్మం నీళ్ల దగ్గరా ఆయన ఒకే మనిషి. పిల్లలకి ఆ ముక్క కూడా చెప్పు.

మంగళవారం సుధ మళ్లీ నీలోఫర్‌కి వస్తోంది. నన్నేమీ అడగలేదు, మీ పిన్ని చెబితే తెలిసింది. పోయినసారి ఆసుపత్రి దగ్గర లాడ్జిలో పడుకున్నారట, ఆ దోమల్లో, చంటిపిల్లాడితో. తెల్లవారుజామున ఎంజీబీఎస్ బస్టాండులో దిగుతారు. అల్లుడుగారిని ఎదురెళ్లమను. స్కూటర్ మీద అందర్నీ ఎక్కించొద్దు, ఆటో మాట్లాడుకోమను. నువ్వు ఆ పెళ్లి మంచిదని అనక్కర్లేదు, సుధ అడిగితే నీ అభిప్రాయం నీదే. అడక్కపోతే నువ్వెత్తకు. సుధ పెళ్లాడిన ఆ కుర్రాడు కూడా వస్తున్నాడు. అన్నం ముందు ప్రార్థన ఎప్పుడూ చేసినట్టే చెయ్యి. అతనున్నాడని మానేయొద్దు, అతనికి వినపడాలని పొడిగించొద్దు.

పిల్లాడికి ఉగ్గు పెడుతున్నారేమో, గిన్నె మరిగే నీళ్లతో కడుగు. సుధకి పచ్చడి సీసా ఇవ్వడం మర్చిపోకు, మూత గట్టిగా బిగించు, బస్సులో నూనె కారుతుంది.

ఫోన్ ఎత్తు. మీ అమ్మకి తొమ్మిది దాటితే నిద్రొస్తుంది, ఆ లోపే చెయ్యి.

మీ నాన్న