తారు తర్వాత, ముందు గెడ్డ దాటించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కొండ ఊళ్ల నుంచి రోగులను కర్రకు కట్టిన దుప్పటిలో మోసుకొచ్చే డోలీ మోతల ఫొటోలు మీ పేపర్లో తరచూ వస్తుంటాయి. అలా వేసినందుకు కృతజ్ఞతలే, ఎందుకంటే ఫొటో పడితే అధికారుల్లో కదలిక వస్తుంది. కానీ ఆ వార్తల్లో ఎప్పుడూ ‘రోడ్డు లేదు’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నారు. పాడేరు ఏజెన్సీలో కొండమీద ఊళ్లో పుట్టి పెరిగినవాడిగా చెబుతున్నా, చాలా ఊళ్లకు ఇప్పుడు ఏదో ఒక రోడ్డు ఉంది. జనవరిలో చూస్తే బైకు పోతుంది, జీపు కూడా పోతుంది, జులై వచ్చి దారిలోని గెడ్డ, అంటే కొండవాగు, పొంగితే మాత్రం ఆ రోడ్డు ఉన్నా లేనట్టే. లెక్కల్లో మాత్రం మాది రోడ్డున్న ఊరు.

మా దారే చెబుతా. ఘాట్ రోడ్డు దగ్గర జీపు దిగి మట్టి రోడ్డు పట్టుకోవాలి. పొక్లెయిన్ పెట్టి కొండ చెక్కి వేసిందే, వెడల్పు బాగానే ఉంటుంది. కొండవైపు కాలువ తీయలేదు. వాన పడితే పైనుంచి దిగే నీళ్లకు వేరే దారి లేక రోడ్డు మీదే పారతాయి, నాలుగు వానలు పడేసరికి మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, బండి చక్రాల జాడలు మోకాలి లోతు గుంతలవుతాయి. ఇంకాస్త ముందుకెళ్తే గెడ్డ. దానిమీద కల్వర్టు లేదు, కనీసం తూములు కూడా వేయలేదు. ఎండాకాలం రాళ్లమీద కాళ్లేసి చెప్పులు తడవకుండా దాటేయొచ్చు. వానాకాలం అలా కాదు, పైన కొండల్లో ఎక్కడో కురిస్తే ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి. బడికి వచ్చే మాస్టారు అటు ఒడ్డునే ఆగిపోతారు, రేషన్ కోసం డిపోకి వెళ్లినవాళ్లు బియ్యం మూటతో ఇటు రాలేక కూర్చుంటారు.

డోలీ అంటే ఫొటోలో ఒక కర్ర, ఒక దుప్పటి, ఇద్దరు మనుషులు. దిగుడులో బరువంతా ముందున్నవాడి మీదకి తోసుకొస్తుంది కాబట్టి పొడుగాటివాణ్ణి ముందు పెడతారు. తడిసిన కర్ర భుజం మీద నిలవదు, తువ్వాలు మడిచి కింద పెట్టుకోవాలి. బురదలో చెప్పులు పనికిరావు, విప్పేసి కాలివేళ్లతో నేలను పట్టుకుంటూ అడ్డంగా అడుగేయాలి. లోపలున్నది నొప్పులు పడుతున్న ఆడమనిషి అయితే పక్కనే ఒకామె గొడుగు పట్టుకుని నడుస్తుంది, చాలాసార్లు అది ఆశా కార్యకర్తే. గెడ్డ దగ్గర కర్రను భుజం మీంచి తలపైకి ఎత్తి, ఒడ్డున చెట్టుకు కట్టిన తాడు పట్టుకుని దాటిస్తారు. అవతల 108 ఎదురుచూస్తూ ఉంటుంది, అదీ ఎవరో ఒకరు సిగ్నల్ దొరికే గుట్ట మీదికి పరిగెత్తి ఫోన్ చేయగలిగితే. ఏజెన్సీకి బైకు అంబులెన్సులు ఇచ్చారు, మంచి పనే, కానీ పొంగిన గెడ్డను బైకు కూడా దాటలేదు కదా.

కాన్పు తేదీకి ముందే గర్భిణుల వసతి గృహానికి వచ్చి ఉండొచ్చు కదా అని పట్నంలో చాలామంది అడుగుతారు. ఆ వసతి గృహాలు నిజంగా ఉపయోగపడుతున్నాయి, వెళ్లమని మేమూ చెబుతాం. కానీ ఇంట్లో చిన్నపిల్లలుంటారు, పోడులో కలుపు పని ఉంటుంది, వారాల తరబడి వీటన్నిటినీ వదిలి రావాలంటే ఆ తల్లికి ఎంత టెన్షనో అడిగేవాళ్లు ఆలోచించరు. పోనీ కాన్పుకైతే తేదీ అంటూ ఒకటి ఉంటుంది. పాముకాటుకి, పిల్లల జ్వరానికి ముందుగా వచ్చి ఎక్కడ కూర్చోవాలి?

నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు, నిబంధనల్లో రాసి ఉన్నదే. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మార్గదర్శకాల ప్రకారం అన్ని కాలాల్లోనూ వాడుకోగలిగేదే ఆల్ వెదర్ రోడ్డు. కల్వర్టులు, చిన్న వంతెనలు, కాజ్‌వేలతో నీరు పోయే ఏర్పాటు ఉండాలి. తారు తప్పనిసరి కాదని కూడా అందులోనే ఉంది. అంటే గెడ్డ మీద కల్వర్టు, పక్కన కాలువ ఉన్న మట్టి రోడ్డయినా మాకు చాలు. మా దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. పైపైన కంకర పరిచి, కొంత దూరం తారు కూడా వేసి, ఖర్చెక్కువయ్యే గెడ్డ దగ్గరికి వచ్చేసరికి పని ఆపేస్తున్నారు.

ఇక జనాభా గొడవ. 2024 సెప్టెంబరులో ఆమోదించిన సడక్ యోజన నాలుగో దశలో 2011 జనాభా లెక్కల ప్రకారం మా ఏజెన్సీలాంటి ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాన్ని తీసుకుంటారు. కొండమీద ఊరంటే చాలాచోట్ల ఇరవై ముప్పై ఇళ్లే, ఆ గీత దాటడం కష్టం. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకంలో వంద మంది ఉన్నా చాలు, అయితే అది కొండరెడ్లు, ఖోండులు, గదబలు, పోర్జల్లాంటి ఆదిమ తెగల ఆవాసాలకే. రెండింటికీ అందని ఊళ్లను ఏం చేయాలి? ఒకే గెడ్డ మూడు నాలుగు ఊళ్లను ఆపుతున్నప్పుడు ఆ ఊళ్లన్నిటినీ కలిపి లెక్కేయండి, రోడ్డు సంగతి తర్వాత, ముందు ఆ ఒక్క కల్వర్టుకైనా మంజూరు ఇవ్వండి.

అడవి అనుమతి లేదన్నది ఎప్పుడూ చెప్పే ఇంకో కారణం. అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డులాంటి సౌకర్యాలకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఈ సంగతి మా ఊళ్లలో చాలామందికి తెలియదు. గ్రామసభ పెట్టి తీర్మానం రాయించే బాధ్యత అధికారులు తీసుకుంటే ఏళ్లుగా ఆగిన పనులు కొన్నయినా కదులుతాయి. మీ విలేకరులను కూడా నేను కోరేది ఇదే. ఏ గెడ్డ దగ్గర బండి ఆగింది, దాని ఫైలు ఏ ఆఫీసులో ఉంది అనేది కూడా రాయించండి.

వైద్యం ఒక్కటే కాదు, తిండి కూడా ఈ దారితోనే ముడిపడి ఉంది. మిరియాలు, పసుపు, చింతపండు, రాజ్మా నెత్తిన పెట్టుకుని సంతకు దిగుతాం. సాయంత్రం అయ్యేకొద్దీ షావుకారు ధర తగ్గిస్తాడు, మళ్లీ ఆ మూట కొండెక్కించలేమని అతనికి తెలుసు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొంటుంది గానీ కొండ కిందికి సరుకు చేర్చే భారం మాదే. అదే జీపు ఊరిదాకా వస్తే, ధర నచ్చకపోతే ఇంట్లో దాచుకుని వచ్చే వారం సంతకు తెచ్చుకుంటాం. ఆ తేడా ఏడాది మొత్తానికి ఎంతవుతుందో పండించేవాళ్లకు తెలుసు.

2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టారు. వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో రోడ్లు వేస్తామన్నారు. మాకు చాలా సంతోషం వేసింది, పనులు జరగాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ రోడ్లలో ఎన్ని గెడ్డలు అడ్డొస్తాయి, వాటిలో ఎన్నింటిమీద కల్వర్టు ఉంటుందనేది ప్రతి పంచాయతీ బోర్డు మీద రాసి పెట్టాలని ఇంజినీర్లకు నా విన్నపం. కొండమీద సిమెంటు పని చేసుకోడానికి డిసెంబరు నుంచి మే దాకానే వీలు. ఆ నెలల్లో ముందు గెడ్డ పని ముట్టుకోండి, రోడ్డు పైపని మిగిలిపోతే వచ్చే ఏడాది చేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, పాడేరు ఏజెన్సీ, అల్లూరి సీతారామరాజు జిల్లా