కత్తెర పెట్టే ముందు ఇకమీదట మేమే ఫోన్ చేస్తాం

శ్రావణమాసంలో మా షాపుకి ఇచ్చిన జాకెట్ల కుట్టు ఆర్డర్లలో మా వల్ల ఇబ్బంది పడ్డవాళ్లందరికీ ముందుగా క్షమాపణ. "మీ దగ్గర ఇలా ఎప్పుడూ జరగలేదే, ఏమైంది?" అని చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పడం ఇష్టం లేక మొత్తం ఇక్కడే రాస్తున్నాను.

కరోనాకి ముందు మా షాపుకి వచ్చేవాళ్లంతా విజయవాడ వాళ్లే. ఇప్పుడు సగం పని ఫోన్‌లోనే. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, డాలస్ నుంచి ఆది జాకెట్టు, చీర కొరియర్‌లో పంపిస్తారు, మిగతాదంతా వాట్సాప్‌లో మాట్లాడుకుంటాం. ఈసారి పెళ్లిళ్లూ వరలక్ష్మీ వ్రతం కలిసి మీద పడేసరికి మెసేజ్‌లు చూడడం నావల్ల కాలేదు. జవాబులిచ్చే పని బయట ఒక సంస్థకి 3 నెలలకు అప్పగించి డబ్బు ముందే కట్టాను. "మీరు కుట్టు చూసుకోండి మేడమ్, కస్టమర్ల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మాటకి ఆ రోజు ప్రాణం లేచొచ్చింది.

వాళ్లు వాయిస్ మెసేజ్‌లు తెరవరు. టైప్ చేసినవాటికే జవాబు. ఈ సంగతి నాకు ఐదో వారంలో తెలిసింది.

అదీ ఎలా తెలిసిందంటే, డాలస్‌లో ఉండే ఒకావిడ వాళ్ల అమ్మగారి గద్వాల్ చీర జాకెట్టు ముక్క పంపారు. అమ్మగారు పోయాక బీరువాలో దొరికిందట, ఇన్నేళ్లూ కుట్టించుకోకుండా దాచిన ముక్క. అంచు చేతులకు వద్దు, వీపు మీదికి రావాలి, అమ్మ అలాగే కుట్టించుకునేది అని 4 నిమిషాల వాయిస్ పెట్టారు. దానికి అటునుంచి వెళ్లిన జవాబు "మీ ఆర్డర్ నమోదైంది, ధన్యవాదాలు". మా దగ్గరికి వచ్చిన చీటీలో కొలతలు తప్ప ఇంకేమీ లేవు. మామూలుగా కుట్టినట్టే అంచు చేతులకు వేశాం. కత్తిరించింది నేనే. ఫొటో పంపితే ఆవిడ అరవలేదు, "వాయిస్‌లో చెప్పాను కదక్కా" అన్నారు, అంతే. విప్పి వీపుకి అతికిద్దామన్నా అతుకు కనపడుతుంది. వీడియో కాల్‌లో ఆ ముక్క చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను, డబ్బు తీసుకోలేదు. కానీ ఆ ముక్కని ఎక్కణ్నుంచి తెచ్చివ్వను?

సంస్థవాళ్లని అడిగితే వాయిస్ మా ప్యాకేజీలో లేదండీ, మీ కస్టమర్లకు టైప్ చేయడం అలవాటు చేయండి అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. 19 ఏళ్లుగా నా దగ్గరికి వస్తున్న పెద్దావిడలు ఫోన్‌లో టైప్ చేయడం నేర్చుకుంటేగానీ జాకెట్టు కుట్టించుకోకూడదా? ఆ రోజే ఒప్పందం తెంపేశాను. మిగిలిన డబ్బు తిరిగి రాదన్నారు, పోనీ.

అసలు ఫోన్ ఆర్డర్లే మానేద్దామా అని నాలుగు రాత్రులు ఆలోచించాను. మా ఆయన మానేయమన్నారు. తప్పంతా వాళ్ల మీదికి నెట్టేస్తే నాకూ నిద్ర పట్టేదేమో, కానీ మా వైపు చూసుకుంటే మేమూ సరిగ్గా లేము. షాపులో నేను పొడిపొడిగా మాట్లాడినా నా ముఖం చూస్తే కోపం కాదని తెలుస్తుంది, ఫోన్‌లో మాట ఒక్కటే వెళ్తుంది. మా దగ్గర 6 ఏళ్లుగా పనిచేస్తున్న అమ్మాయి చేతిలో ఎంత పనితనం ఉందో మీకు తెలుసు, ఫోన్‌లో మాత్రం "ఊఁ", "సరే" తప్ప పలకదు. అది పొగరనుకుని ఇద్దరు మానేశారని ఈ మధ్యే తెలిసింది. పొగరు కాదమ్మా, భయం.

అందుకే మానలేదు, నేర్చుకుంటున్నాం. రోజూ షాపు కట్టేశాక అరగంట, ఒకరు వెనక గదిలోంచి ఫోన్ చేసి ఆర్డర్ చెప్తారు, ముందు గదిలో ఉన్నవాళ్లు విని రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. మొదటి రోజు "చేతులు కొంచెం పొడుగ్గా" అంటే ఒకరు అంగుళం రాశారు, ఇంకొకరు మూడు! అప్పటినుంచి చీటీలో "కొంచెం" అనే మాట రాయనివ్వడం లేదు. మోచేతికి పైకా కిందికా, ఎన్ని అంగుళాలు అని అడుగుతాం. విసిగించామనుకోకండి. ఆలస్యమైతే మెసేజ్ పెట్టి ఊరుకోం, ఫోన్ చేసి చెప్తాం, మీరు కోప్పడితే వింటాం.

బట్ట మీద కత్తెర పెట్టే ముందు ప్రతి ఆర్డర్‌కీ ఒక కాల్ ఉంటుంది. మీరు ఎత్తకపోతే ఆ జాకెట్టు ఆగుతుంది, ఎంత తొందరున్నా సరే, ఇందులో నన్ను బతిమాలొద్దు. డాలస్ వాళ్లకి మా ఉదయం 7:30కి చేస్తాం, అప్పుడు మీకు ముందు రోజు రాత్రి 9. నవంబర్‌లో మీ గడియారం వెనక్కి జరిగాక అదే 8 అవుతుంది, గోడ మీద రాసిపెట్టుకున్నాం. ఈ పద్ధతిలో పని నిదానమవుతుంది కాబట్టి దసరాకి 60 జాకెట్లే ఒప్పుకుంటున్నాం.

వాయిస్‌లు మానకండి. ఎంత పొడుగైనా పెట్టండి, రాత్రి భోజనాలయ్యాక కూర్చుని నేనే వింటున్నాను.