ఎంత వాన, ఏ గంటకు, అప్పటికి పొలంలో ఏ పని: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నవంబరు నుంచి జనవరి దాకా మన రాష్ట్రంలో ఒక్కోసారి ఒకే వారంలో మూడు కాలాలు కనబడతాయి. చింతపల్లి, లంబసింగి, పాడేరు వైపు తెల్లవారుజామున చలి లేత పైరును మాడ్చేస్తుంది. కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో శనగ, నేలలో మిగిలిన తేమతోనే నెట్టుకొస్తుంది. అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం కదిలిందంటే డెల్టాలో కోతకొచ్చిన వరికి గండం. ఈ మూడింటినీ ముందుగా చెప్పగల శాస్త్రం మనకుంది. కానీ ఆ కబురు రైతు సేవా కేంద్రం దాటి పొలానికి చేరేసరికి అందులో పనికొచ్చే ముక్క రాలిపోతోంది. మీ శాఖ చేతిలోనే సరిదిద్దుకోగలిగిన లోపం ఇది. అందుకే మీకు రాస్తున్నాం.

ముందు వాన సంగతి. "జిల్లాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అని బులెటిన్ వస్తుంది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం అది జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని వాన. భారీ అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. ఈ లెక్క రైతుకు ఎవరూ చెప్పరు. ఆయనకు తేలాల్సింది ఒక్కటే: రేపు కోత మిషన్‌ను పిలవాలా, ఆపాలా?

ఇంకా కోయని చేనైతే, మూడు రోజుల్లో భారీ వాన ఉందన్నప్పుడు నిలబెట్టి ఉంచడమే మేలు. గట్లు తెగ్గొట్టి నీరు పోయే దారి చేయాలి. నిలబడ్డ చేను తడిసినా గాలికి ఆరుతుంది. కోసి పనల మీద పరిచింది నీళ్లలో నాని, నిద్రావస్థ లేని (గింజ పండగానే మొలకెత్తగల) రకమైతే కొద్ది రోజుల్లోనే మొలకెత్తుతుంది. తడిసిన పనల మీద 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే గింజ నీరు పీల్చుకోవడం తగ్గి మొలక ఆగుతుంది. 200 లీటర్ల నీటికి 10 కిలోల ఉప్పు సరిపోతుంది. అంత చవకైన మందు ఆ రోజు ఊళ్లో దొరక్కపోవడం మన ఏర్పాట్ల లోపమే. తడి గింజను పట్టాల కింద గాలాడకుండా రోజుల తరబడి మూసి పెడితే వేడెక్కి రంగు మారుతుంది. వాన తెరిపిచ్చిన ప్రతిసారీ పట్టా తీసి తిరగేయాలి. గింజలో తేమ 17 శాతం పరిమితి దాటితే కొనుగోలు కేంద్రం దగ్గర పడే అవస్థ మీకు తెలిసిందే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది వస్తోందన్న హెచ్చరిక రోజుల ముందే ఉంది. అయినా కోతల మధ్యలో ఉన్న పొలాలు మునిగాయి. ఆ నాలుగైదు రోజుల్లో ఏ చేను కోయాలి, ఏది వదలాలి, పట్టాలు ఏ ఊరికి ముందు పంపాలి అన్నది మండలాల వారీగా ఎవరో ఒకరు నిర్ణయించి చెప్పాలి.

ఇక చలి. కేంద్రాల్లో ఉష్ణోగ్రతను నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున, నీడలో, పెట్టెలో కొలుస్తారు. ఆకాశం తేటగా ఉండి గాలి కదలని రాత్రి, నేలను అంటుకున్న ఆకు దగ్గర ఉష్ణోగ్రత ఇంకో మూడు నాలుగు డిగ్రీలు తక్కువ. అందుకే పెట్టెలో 4 డిగ్రీలు చూపినప్పుడే బంగాళాదుంప ఆకు మీద మంచు గడ్డకట్టవచ్చు. సున్నా వచ్చేదాకా చూస్తూ కూర్చుంటే పంట దక్కదు. ఏజెన్సీ మండలాలకు హెచ్చరిక గీత 4 డిగ్రీల దగ్గరే గీయండి. ఆ హెచ్చరిక ముందురోజు మధ్యాహ్నానికల్లా చేరాలి, ఎందుకంటే చేయగలిగిన పనంతా పగలే ఉంది. తేలికపాటి తడి ఇస్తే తడి నేల పగటి ఎండను పట్టి ఉంచి రాత్రికి వదులుతుంది. అదే రోజు అంతరకృషి చేసి, అంటే సాళ్ల మధ్య దున్ని, మట్టిని గుల్ల చేస్తే ఆ వేడి నిలవదు. నారుమళ్ల మీద సాయంత్రం గడ్డి కప్పి ఎండ రాగానే తీసేయాలి. ప్లాస్టిక్ కప్పితే ఆకుకు తగలకూడదు, తగిలిన చోటే ముందు మాడుతుంది. గట్ల మీద పొగ పెట్టమనే సలహా ఇప్పటికీ చెలామణిలో ఉంది. నేల నుంచి పైకి పోయే వేడిని పొగ చెప్పుకోదగినంతగా ఆపదు. ఆ సలహాను శాఖ కరపత్రాల్లోంచి తీసేయించండి. ఇంకో జాగ్రత్త: దట్టంగా పొగమంచు కమ్మిన రాత్రి ఆకు గడ్డకట్టే ప్రమాదం తక్కువ, బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు భయం ఎక్కువ. ఆ రాత్రికి ఒక సలహా, తేట రాత్రికి ఇంకొకటి. రెంటికీ ఒకే సందేశం పంపితే రెండు చోట్లా నష్టమే.

బెట్ట విషయంలో బోరు తిప్పే రైతుకు ఒక లెక్క ముఖ్యం. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్ల తడికి లక్ష లీటర్లు పోయాలి. గంటకు 10,000 లీటర్లిచ్చే బోరైతే పది గంటల కరెంటు. ఎల్లుండి 30 మిల్లీమీటర్లు పడుతుందని నమ్మకంగా తెలిస్తే ఆ నీరు, ఆ కరెంటు మిగులుతాయి. పడేది 5 మిల్లీమీటర్లే అయితే ఆగడం తప్పు. శనగకు పూతకు ముందొకటి, గింజ కట్టేటప్పుడొకటి తేలికపాటి తడి చాలు. పగుళ్లు తెరిచిన రేగడిలో కాలువ పారిస్తే నీరంతా పగుళ్లలోకి దిగిపోతుంది కాబట్టి స్ప్రింక్లర్లే వాడాలి. నీరు అసలే లేనివారు 2 శాతం యూరియా, అంటే లీటరుకు 20 గ్రాములు, ఆకుల మీద చల్లుకోవచ్చు. అయితే చల్లిన కొద్ది గంటల్లో వాన పడితే అదంతా కడుక్కుపోతుంది. మళ్లీ అదే ప్రశ్న: ఏ గంటకు?

కరువు లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. అయిదు వారాలు చినుకు లేక, ఆరో వారం ఒక్క రోజున 80 మిల్లీమీటర్లు కురిస్తే కాగితం మీద లోటు చాలావరకు పూడిపోతుంది. చేను మాత్రం అప్పటికే ఎండిపోయి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ 2016 కరువు మాన్యువల్ వర్షపాతం శాతంతో పాటు, మూడు నాలుగు వారాలు వరసగా సగం కన్నా తక్కువ వాన పడిన బెట్టను కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. ఖరీఫ్ కరువు ప్రకటనకు అక్టోబరు 30, రబీకి మార్చి 31 గడువులు. ప్రతి మండలంలో ఎన్ని రోజులుగా బెట్ట నడుస్తోందో వారం వారం బయటపెడితే గడువు ముందు హడావిడి సర్వేలు, వాటి మీద తగాదాలు తగ్గుతాయి.

వ్యవసాయ వాతావరణ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. శనివారం అల్పపీడనం బలపడితే రైతు చేతిలో ఉండేది శుక్రవారం నాటి పాత మాట. 2024లో కేంద్రం జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లను ఆపేశాక, ఆ మధ్య రోజుల్లో అంచనాను స్థానిక పంటకు అన్వయించే మనిషి చాలా జిల్లాల్లో లేకుండా పోయాడు. ఆ ఖాళీని రాష్ట్రమే పూరించాలని మా మొదటి విన్నపం. జిల్లాకు ఒక వ్యవసాయ వాతావరణ నిపుణుణ్ని నియమించి, వాన, చలి హెచ్చరిక గీత దాటిన రోజున వారం చూడకుండా సలహా మార్చే అధికారం ఆయనకివ్వండి.

రెండోది, ప్రతి రైతు సేవా కేంద్రం బోర్డు మీద సాయంత్రం 4 గంటలకల్లా మూడు వాక్యాలు రాయించండి: ఎన్ని మిల్లీమీటర్ల నుంచి ఎన్నింటి వరకు, ఏ గంటల మధ్య, ఆ లోపు ఏ పంటకు ఏ పని. ఫోన్‌లో యాప్ లేని కౌలు రైతుకు ఆ బోర్డే దిక్కు. నెల తిరిగేసరికి అదే బోర్డు మీద చెప్పిన వానను, పడిన వానను పక్కపక్కనే రాయించండి. అంచనా తప్పిన రోజులు కూడా అందులో ఉండాలి, అప్పుడే మిగతా రోజులను రైతు నమ్ముతాడు. ఉప్పు, పట్టాలు, స్ప్రింక్లర్ పైపులు అక్టోబరు నెలాఖరుకే మండల కేంద్రాలకు చేరేలా ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
వ్యవసాయ విస్తరణ, వాతావరణ రంగాల్లో పనిచేస్తున్న కొందరు