మోకాలికి నూనె రాస్తున్నావా?

హ్యూస్టన్,
ఆదివారం రాత్రి

చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. చలికి కరివేపాకు చెట్టు ఆకంతా రాల్చేసింది, కుండీని గరాజ్‌లోకి మార్చాం. మామయ్యకి షుగర్ అదుపులోనే ఉంది. పార్సిల్‌లో కందిపొడి, నువ్వుల నూనె సీసా పెట్టాను. అందాయో లేదో నువ్వు చెప్పలేదు. ఫోన్ చేసి 18 రోజులైంది.

సుజాత పిన్ని ఏదో అంది. కార్తీక్ మీ బాస్కెట్‌బాల్ ఆట చూశాడట. నిన్ను చివర్లో 4 నిమిషాలే ఆడించారట, నీకంటే మూడంగుళాలు పొట్టివాణ్ణి సెంటర్‌లో, అదే బుట్ట దగ్గరాడే పొడుగువాడి చోట్లో, పెట్టారట. నువ్వు ఆట మానేస్తానన్నావట కూడా. పిన్ని మాటలు నేనెప్పుడూ పూర్తిగా పట్టించుకోను. అది అడగడానికి కాదు ఈ ఉత్తరం.

నిన్న నీ గది సర్దుతుంటే మన హ్యూస్టన్ రాకెట్స్ సెంటర్ కపేలా జెర్సీ దొరికింది, 15 నంబరుది. మెడ దగ్గర నువ్వు కొరికిన దారాలు అలాగే ఉన్నాయి. 2020 ఫిబ్రవరిలో అతన్ని అట్లాంటాకి పంపేసిన రోజు నువ్వు అన్నం ముట్టలేదు. 6 అడుగుల 10 అంగుళాల మనిషిని పంపేసి, 6 అడుగుల 5 అంగుళాల టక్కర్‌ని సెంటర్‌గా ఆడించారు. "ఇంక పొడుగువాళ్ళు అక్కర్లేదా అమ్మా?" అని అడిగావు. అప్పుడు నీ ప్యాంట్లు నెల తిరక్కుండానే పొట్టయ్యేవి. నాకేం చెప్పాలో తోచక "పెరుగు వేసుకో" అన్నాను. ఆ జవాబు నీకింకా బాకీ ఉన్నాను.

లెక్క, పొడుగువాళ్ళని పక్కనపెట్టేవాళ్ళవైపే ఉంది నాన్నా. దూరం నుంచి వేస్తే బంతికి మూడు పాయింట్లు, 100 వేసి 36 పడితే 108. దగ్గర్నుంచి రెండేసే కాబట్టి అన్నే రావాలంటే 54 పడాలి. వీపుతో తోసుకుంటూ వెళ్ళి వేసే పోస్ట్ షాట్లు అన్ని పడవు. పైగా 2001లో జోన్ డిఫెన్స్‌కి, అంటే మనిషిని కాక చోటుని కాయడానికి, అనుమతిచ్చాక, బుట్ట దగ్గర నిలబడ్డవాడి మీదికి ఇంకొకడు ముందే వచ్చి కాపు కాయొచ్చు. అవతల స్విచ్ అయితే, అంటే ఎవరు ఎవర్ని కాయాలో మధ్యలో మార్చుకుంటే, చురుకైన గార్డ్ (బయట బంతి ఆడించే చిన్నవాడు) ముందు సెంటర్ ఒంటరిగా దొరికిపోతాడు. 2015 ఎన్‌బీఏ ఫైనల్స్ నాలుగో ఆటలో గోల్డెన్ స్టేట్ వాళ్ళు సెంటర్ బోగట్‌ని పక్కనపెట్టి అతనికంటే పొట్టి ఇగుడాలాతో మొదలుపెట్టారు, వరసగా మూడు గెలిచి కప్పు పట్టుకెళ్ళారు. ఆ మరుసటేడు లేకర్స్ జట్టు సెంటర్ మోజ్‌గోవ్‌కి నాలుగేళ్ళకి 6 కోట్ల 40 లక్షల డాలర్లు రాసిచ్చి, ఏడాది తిరిగేసరికి అతన్ని వదిలించుకోవడానికి మంచి కుర్ర గార్డ్‌ని కూడా కలిపి ఇచ్చేశారు. కాబట్టి మీ కోచ్‌ది తప్పని నేననను. నువ్వు సరిగ్గా తింటున్నావా?

ఈ కథ నీకు తెలిసిందే, మళ్ళీ విను. నేను ఇక్కడికొచ్చింది 1994 ఫిబ్రవరిలో. నాన్నకి నైట్ షిఫ్టులు. నాకు ఇంగ్లీషు నోట్లో తిరిగేది కాదు. పక్క ఫ్లాట్‌లో నైజీరియాలోని లేగోస్ నుంచి వచ్చినావిడ ఉండేది. జూన్ 19 ఆదివారం సాయంత్రం తలుపు కొట్టి, చెయ్యి పట్టుకుని టీవీ ముందు కూర్చోబెట్టింది. ఒళ్ళో వేయించిన అరటికాయ ముక్కల ప్లేటు. ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో ఆట, న్యూయార్క్ నిక్స్ అది గెలిస్తే కప్పు వాళ్ళదే. మనవాళ్ళు 86, వాళ్ళు 84. ఆఖరి క్షణంలో వాళ్ళ స్టార్క్స్ మూడు పాయింట్ల గీత దగ్గర గాల్లోకి లేచాడు. మన సెంటర్ హకీం బుట్ట కింద లేడు. ఆ ఏడడుగుల మనిషి అంతదూరం వచ్చేసి చెయ్యి చాపాడు, వేళ్ళ కొసలు బంతికి తగిలాయి. ప్లేటు ఎగిరి ముక్కలన్నీ కార్పెట్ మీద పడ్డాయి. నూనె మరకలు తుడుస్తూ ఆవిడ నాతో ఒకటే మాట, "అతని పాదాలు చూశావా?" చిన్నప్పుడు లేగోస్‌లో హ్యాండ్‌బాల్ ఆడాడట, ఫుట్‌బాల్‌లో గోలీగా నిలబడ్డాడట. బుధవారం ఏడో ఆటా గెలిచి కప్పు మనకే వచ్చింది. ఊరంతా హారన్లు. నాకు ఈ ఊళ్ళో మొదటి స్నేహం అలా కలిసింది.

అందుకే నీ కాళ్ళ గురించి అంత సతాయిస్తాను. సెంటర్ బ్రూక్ లోపెజ్ మొదటి ఎనిమిది సీజన్లలో వేసిన త్రీలు, అవే మూడు పాయింట్ల షాట్లు, మొత్తం 3. తొమ్మిదో సీజన్‌లో 134. అంతవరకూ ఎవరూ అడగలేదు, అడిగాక నేర్చుకున్నాడు. ఇంకో సెంటర్ యోకిచ్‌ని 2014లో కొత్తవాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 41వ వాడిగా తీసుకున్నారు, మూడుసార్లు ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. ఎత్తుకి విలువ పోలేదురా, కదలకుండా నిలబడ్డ ఎత్తుకి పోయింది. పొద్దున్నే లేచి త్రీలు వెయ్యి, పక్కకి జరిగే డ్రిల్ ఎగ్గొట్టకు, రాత్రి ఫోన్ చూస్తూ మేలుకోకు. చూశావా, లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

మానేయాలనిపిస్తే మానేయ్, మేమేం అనం. కానీ పిన్ని నోటి నుంచి వినాల్సి రావడం బాగాలేదు.

నూనె గోరువెచ్చగా చేసి కుడి మోకాలికి రాయి, పై నుంచి కిందికి. శనివారం ఆటకి నాన్నా నేనూ కారులో వస్తున్నాం, 4 నిమిషాలైనా చూస్తాం. పులిహోర తెస్తాను. నీ రూమ్మేట్‌కి వేరుశెనగలు పడతాయో లేదో కనుక్కుని చెప్పు.

అమ్మ