ఓ రియాడా చేర్చినవాడు కాదు, తీసేసినవాడు

సంపాదకులకు,

జానపద సంగీతం బతకాలంటే కీబోర్డు, ప్యాడ్లు, వయొలిన్ల దండు జోడించి భారీగా వినిపించాలన్న వాదన మీ పేజీల్లో తరచూ కనిపిస్తోంది. దానికి ఐర్లండ్ స్వరకర్త షాన్ ఓ రియాడాను (1931–71) సాక్షిగా తెస్తున్నారు. ఆ సాక్షి అడ్డం తిరుగుతాడు.

1959లో వచ్చిన 'మిష ఏర' డాక్యుమెంటరీకి ఆయన పాత పాటల వరసల్ని పూర్తి ఆర్కెస్ట్రాకు కూర్చిన మాట నిజమే. దేశమంతటికీ ఆయన పేరు తెలిసింది దానివల్లే. కానీ అది పాత వరసకు యూరప్ కోటు తొడగడం. అసలు పని ఆ తరవాత, క్యోల్తోరీ ఖూలన్ అనే చిన్న బృందంతో మొదలైంది. అందులో ఉన్నవి పైపులు (గాలితిత్తి వాద్యం), ఫ్లూటు, విజిల్, ఫిడిల్, అకార్డియన్, బౌరాన్ అనే తోలువాద్యం.

అప్పటికి అక్కడ రాజ్యమేలుతున్నది కేలీ బ్యాండు, అంటే నాట్యాలకు వాయించే మేళం. 1935 చట్టం బహిరంగ నాట్యాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇళ్లలో, కూడళ్లలో సాగే ఆట క్రమంగా హాళ్లకు చేరింది. హాల్లో ఒంటరి ఫిడిల్ ఎవరికి వినపడుతుంది? పియానో, డ్రమ్ములు పెట్టి పదిమంది ఒకే వరసను మొదటినుంచి చివరిదాకా కలిసి వాయించడం అలవాటైంది. చెడిందల్లా ఇక్కడే. రీల్, జిగ్ అనే నాట్యపు వరసలు ఏవైనా సాధారణంగా 32 బార్లు (బార్ అంటే మన తాళావర్తంలాంటి చిన్న కొలత): 8 బార్ల మొదటి భాగం రెండుసార్లు, 8 బార్ల రెండో భాగం రెండుసార్లు. మొత్తాన్ని మళ్లీ రెండుమూడు ఆవృత్తాలు వాయిస్తారు. ప్రతి ఆవృత్తానికీ వాద్యకారుడు కొత్త విరుపు వేస్తాడు, మన కృతిలో సంగతుల్లాగ. పదిమంది పది రకాలుగా విరిస్తే గోలే, కాబట్టి అందరూ విరుపులు మానేసి బోడి వరస వాయిస్తారు. బోర్లించిన జాం సీసాలో ఈగ రొద అని ఓ రియాడా వెక్కిరించింది దీన్నే.

ఆయన చేసిన మందు సులువు. ఒక ఆవృత్తం ఫిడిల్ ఒక్కటే, తరవాతది ఫ్లూటూ విజిలూ, ఇంకోటి పైపులు, చివర అందరూ. పియానో లేదు, డ్రమ్ సెట్టు లేదు. లయకు మేకతోలు బిగించిన బౌరాన్, మన డప్పుకు దూరపు చుట్టంలాంటిది. తాళం లేని నెమ్మది పాటల్ని ఎవరి జోడింపూ లేకుండా ఒక్కరికే వదిలేశాడు.

పైపుల సంగతి దగ్గరగా చూస్తే ఇదెందుకు ముఖ్యమో తెలుస్తుంది. మన వీధిభాగవతాల్లో శ్రుతి పట్టే తిత్తికి నోటితో ఊదాలి. ఐరిష్ ఇల్లన్ పైపుల్లో మోచేతి కింది కొలిమితిత్తి గాలి కొడుతుంది. స్వరం పలికే గొట్టం అడుగును తొడమీద ఆనిస్తే కొస మూసుకుంటుంది. రంధ్రాలన్నీ కూడా మూస్తే నిశ్శబ్దం, అందుకే స్వరాల్ని తుంచి తుంచి వాయించవచ్చు. పై స్థాయికి వెళ్లాలంటే తిత్తిమీద ఒత్తిడి పెంచాలి. చాలకపోతే స్వరం కింది స్థాయికి జారిపోతుంది. ఆ తుంపులూ ఆ నిశ్శబ్దాలూ పియానో హోరులో చెవికి అందవు.

ఆయన చేసిన ప్రతిదీ ఒప్పని అనలేం. అంధ హార్ప్ విద్వాంసుడు కారొలన్ (1670–1738) కూర్పులు మనకు మిగిలింది ఎక్కువగా పై వరసగానే. ఎడమచేతి భాగం పోయింది. లోహపు తీగల పాత హార్ప్ వాయించే సంప్రదాయం తెగిపోయింది కనక దాని బదులు ఓ రియాడా హార్ప్సికార్డ్ అనే, మీటలు నొక్కి వాయించే పాత తీగల వాద్యం వాయించాడు. దానివీ మీటే లోహపు తీగలే. కానీ మీట వదలగానే అందులో ధ్వని ఆగిపోతుంది. పాత హార్ప్ తీగ వేలితో ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. ఆ వాద్యం ప్రాణమే ఆ మోత. ఆయన అకార్డియన్‌ను ఈసడించడమూ అతిగానే ఉంది; సొంత బృందంలోనే సోనీ బ్రోగన్ లాంటి మంచి అకార్డియన్ వాద్యకారుణ్ణి పెట్టుకున్నాడు మరి.

1962లో రేడియోలో వరస ప్రసంగాలు చేసి, పాటకు, ఫిడిల్‌కు, పైపులకు ఏ ప్రాంతంలో ఏ బాణీ ఉందో రికార్డులు వినిపిస్తూ విడమరిచాడు. తరవాత కార్క్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ ఐరిష్ మాట్లాడే కూలే గ్రామంలో స్థిరపడి, అక్కడి మగవాళ్లతో బృందగానం నిలబెట్టాడు. ఆయన బృందంలోని పైపుల వాద్యకారుడు ప్యాడీ మొలోనీ 1962లో స్థాపించిన చీఫ్‌టెన్స్ ఈ పద్ధతినే ప్రపంచమంతా తిప్పింది.

1969లో డబ్లిన్ గెయటీ థియేటర్లో క్యోల్తోరీ ఖూలన్ చేసిన కచేరీ రికార్డుగా వచ్చింది. 'మిష ఏర' సంగీతం కన్నా ముందు దాన్ని వినమని, ఏ ఆవృత్తంలో ఎవరు ఆగి ఎవరు వాయిస్తున్నారో కాగితంమీద రాసుకుంటూ వినమని మీ వ్యాసకర్తలకు మనవి.

— ఒక పాఠకుడు, విజయవాడ