అమ్మ పెట్టెలోని బట్టల విషయమై

మెల్‌బోర్న్

పూజ్యులైన వదినగారికి నమస్కారములు. మేమిక్కడ క్షేమం. శ్రీకాకుళంలో మీరు, అన్నయ్య, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ ట్రంకు పెట్టెలోని బట్టలను నాకు పంపాలా, అలాగే ఉంచాలా అని అడిగారు. రెండూ వద్దని నా మనవి. ఆ బట్టలను బయటికి తీసి, కొన్ని కుట్టించుకొని, కొన్ని పంచి పెట్టెను ఖాళీ చేయడమే మంచిది. ఎందుకంటే మన వైపు తేమకు మూసిన పెట్టెలో గుడ్డ ఎంతో కాలం నిలవదు, గంజి పెట్టి మడిచిన నూలుకైతే ఆ గంజి కోసమే పురుగు పడుతుంది.

ముందుగా నాన్న కట్టకుండానే మిగిలిపోయిన పొందూరు పంచెల సంగతి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, శుభ్రం చేసి, ఏకులు చుట్టి, ఆడవాళ్ళు రాట్నం మీద 100 నంబరు దాకా సన్నని నూలు తీస్తే, ఆ నూలును మగ్గం మీద చేత్తో నేసిన గుడ్డ అది. ఇంత మంది చాకిరీ చేసిన బట్టను ఎవరూ కట్టకుండా దాచడమే దానికి మనం చేసే అగౌరవమని నా అభిప్రాయం. అన్నయ్య పంచె కట్టరు కనుక వాటిని పిల్లలకు లాల్చీలుగా కుట్టించండి. అయితే దర్జీకి ఇచ్చే ముందు రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరవేయండి. గంజి పోవడమే కాక, కుదించుకుపోయే గుడ్డ కుట్టక ముందే కుదించుకుపోతుంది. మడతల దగ్గర పసుపు తిరిగిన చోట్లు ఎండకు పట్టి చూస్తే నేత బలంగా ఉందో లేదో తెలుస్తుంది. బలం లేని భాగాన్ని వదిలి మిగతాదే కత్తిరించమనండి.

పట్టుచీరల్లో మడత వెంట చీలినవి ఇక కట్టడానికి పనికిరావు, కాని వాటి అంచులు, కొంగులు తీసి మీ అమ్మాయి లంగాకు వేయించవచ్చు. పాత చీరలు కొంటామని వీధిలోకి వచ్చేవారికి మాత్రం ఇవ్వవద్దు. వారు జరీలోని వెండిని కరిగించుకోవడానికే కొంటారు. బాగున్న చీరలను ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి తెల్లని నూలు గుడ్డలో చుట్టండి, కలరా ఉండలు జరీకి తగలనీయకండి, అప్పుడప్పుడు మడత మార్చండి.

పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు ఎన్ని ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి. వాటిలో కొన్ని మన బంధువుల ఇళ్ళన్నీ తిరిగి, కత్తెర ఎరుగకుండానే మళ్ళీ అమ్మ దగ్గరికి చేరినవే అయి ఉంటాయి. ఏది నూలో, ఏది కాదో తెలియకపోతే నాలుగు పోగులు లాగి పళ్ళెంలో కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిదైతే నూలు, వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు, కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్. పాలిస్టర్ ముక్కలను శ్రావణంలో పసుపుకుంకుమల సంచులుగా కుట్టించండి.

వాడి మెత్తబడిన నూలు చీరలను బయటివారికి ఇవ్వకండి. చిన్నమ్మ కోడలు పురిటికి వస్తుందట కదా, బిడ్డ పొత్తిగుడ్డలకు అంతకంటే మంచివి దొరకవు. మిగిలినవాటితో బొంత కుట్టిస్తే కుట్టుకూలి నేను పంపుతాను.

వీటన్నిటికంటే ముందు, మీకు నచ్చినవి మీరు తీసి పక్కన పెట్టుకోండి. అమ్మ మంచం పట్టిన రోజుల్లో ఆ పెట్టె తాళం మోసినవారు మీరే కనుక, ఆడపడుచునని నాకు మొదటి ఎంపిక ఇవ్వడం న్యాయం కాదు. పెద్దత్త అడిగితే నేనే ఇలా రాశానని చెప్పండి.

అన్నయ్యకు నమస్కారములు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ ఆడపడుచు