మా నాయిన మాట్లాడిండు, కండక్టర్ కాకకు దండాలు

అందరికి నమస్తే. రాత్రి హైదరాబాద్ నుంచి ఆఖరు బస్సుకు దేవరకొండల దిగేసరికే పన్నెండు దాటింది, నిద్ర పడ్తలేదు, ఫోన్ల టైప్ చేస్తున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి. మా నాయిన మాట్లాడిండు. ఆరు నెలల పన్నెండు రోజులకు.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. పోయిన జులై ఆఖర్ల నాయినకు గొంతు క్యాన్సర్ అని స్వరపేటిక మొత్తం తీసేసిన్రు. నలభై ఏండ్ల బీడీ, ఇంకేం చెప్పాలె. ఇప్పుడు ఊపిరి మెడ కింద చేసిన రంధ్రం నుంచే, ముక్కుతోని పనే లేదు. మేకలు కాసేటాయన, గుట్ట ఈ పక్క నుంచి అదిలిస్తే ఆ పక్క మంద ఆగేది, పెద్దగట్టు జాతరల ఓ లింగా అని అర్సుడు మొదలుపెడితే మేమే చెవులు మూసుకునేటోళ్లం. గసువంటాయనకు ఈల గూడ రాకపాయె. చెల్లె ఫోన్ చేస్తే చెవికాడ పెట్టుకొని ఇని గోరుతోని ఫోన్ మీద కొట్టేది, ఒక్కసారి టక్ మంటె మంచిగున్న అని, రెండుసార్లయితే ఇగ పెట్టెయ్ అని. చెల్లె అటు దిక్కు ఏడ్సుడు, ఈయన ఇటు టక్ టక్.

ఇగ కండక్టర్ కాక సంగతి. అక్టోబర్ల కరెంటు (రేడియేషన్) పెట్టేకాడ లైన్ల కూసున్నం, ముప్పై సిట్టింగులల్ల ఇరవై దాటినయి. పక్కన ఒక పెద్దమనిషి మెడకు దస్తీ కట్టుకొని కూసున్నడు, దస్తీ కిందికెళ్లి బొటనవేలు పెట్టి "ఏ ఊరు బిడ్డా" అన్నడు. నేను ఎగిరిపడ్డ. గరగర గొంతే గాని ఒక్కొక్క మాట సాఫ్. నాయిన ఆయన మొఖం దిక్కు సూస్తలేడు, ఆ వేలు దిక్కే సూస్తున్నడు.

కల్వకుర్తి దిక్కు ఆయన, ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైర్ అయిండు, ఆయనకు గూడ స్వరపేటిక తీసేసిన్రు. ఊపిరి గొట్టానికి, అన్నం పోయే గొట్టానికి నడుమ గోడకు చిన్న రంధ్రం చేసి ఒక దిక్కే తెర్సుకునే వాల్వ్ పెడ్తరంట, మెడ మీది రంధ్రం వేలుతోని మూస్తే ఊపిరి అన్నం గొట్టంలకు పోయి ఆడ కండ అదిరి సప్పుడొస్తది, నాలికె పెదాలు దాన్ని మాట చేస్తయి. ఇంటికొచ్చి ఫోన్ల సూస్తె 1980ల అమెరికాల సింగర్, బ్లోమ్ అనేటోళ్లు బయటపెట్టిన పద్ధతి అది, నేను పుట్టకముందుది!

"మీకు ఆపరేషన్ రోజే పెట్టలేదా?" అని అడిగిండు. ఆయనకు అదే టేబుల్ మీద పెట్టిన్రంట, మూడో వారంల మాట్లాడిండు, కరెంటు గూడ వాల్వ్ తోనే పెట్టించుకున్నడు. మాకు అసలు గట్లొకటి ఉంటదని ఒక్కరు చెప్పలే. డాక్టర్ను అడిగితె ఇప్పుడైతే కరెంటు అయిపోయి వాపు తగ్గేదాక ఆగాలె అన్నరు. నిజమే, కొందరికి ముందే కరెంటు పెట్టి ఉంటే, లేకపోతే వేరే కాడి కండ తెచ్చి కుడితె తర్వాతనే పెట్టుడు మంచిదంట. నాయినకు గసువంటి కారణమేదన్న ఉందేమో, ఉంటే ఉండనీ, చెప్పాలె కదా. సంతకాలు పెట్టించుకున్న కాగితాలు పదకొండు, నేను లెక్కపెట్టిన, వాటిల్ల ఒక్కదాన్ల గూడ మాట ఎప్పుడొస్తదని లేదు. ఇగ కౌంటర్ కాడ వాల్వ్ ప్యాకేజీల రాదు అన్నరు, ఇరవై వేల పైన, నాలుగు మేకలు అమ్మినం. అది గూడ కొన్ని నెలలకే మార్సాలె. బెంగుళూర్ల డాక్టర్ విశాల్ రావు గారు 50 రూపాయలకే ఓం అని ఒకటి చేసిన్రు, గసువంటియి ఊరూరికి ఎందుకు రావు, నాకైతే అర్థం కాదు.

కాకకు మాతోని ఏం పని చెప్పుండ్రి? అయినా ప్రతి మంగళవారం వచ్చేటోడు, ఆయన చెకప్ లేకున్నా. జనవరి ఆఖర్ల రంధ్రం చేసి రబ్బరు గొట్టం పెట్టి పంపిన్రు, నిన్న వాల్వ్ పెట్టిన్రు. కాక ఫస్ట్ బస్సుకే వచ్చి కూసున్నడు. మాట నేర్పే మేడం నీళ్లు తాపించి లీక్ లేదని సూసి వేలు పెట్టమంటె, నాయిన దమ్ముకొద్ది ఒత్తిండు, గాలి తప్ప ఏం రాలే. రెండుసార్లు, మూడుసార్లు. నాయిన కండ్లల్ల నీళ్లు. అప్పుడు కాక లేసి నాయిన వేలు మీద తన వేలు పెట్టి "గట్టిగ కాదన్నా, టికెట్ చింపినట్టు, అల్కగ" అన్నడు. ఒకటి అని వచ్చింది. రెండు. మూడు. పదిదాక లెక్కపెట్టి ఆగి, కాక దిక్కు తిరిగి "కండక్టర్ సాబ్, చాయ్ తాగినవా?" అన్నడు నాయిన. నేను వరండాలకు పోయి గోడ దిక్కు తిరిగి ఏడ్సిన.

పైసలిస్తె తీసుకోలే, చాయ్ పైసలు గూడ ఆయనే ఇచ్చిండు. పోయేటప్పుడు కొత్త బ్రష్ ఒకటి ఇచ్చి కాగితం మీద రాసిచ్చిండు. పొద్దుమాపు వాల్వ్ కడగాలె, నీళ్లు తాగితె దగ్గొస్తె లీక్ అయిందని. వాల్వ్ ఊడితె రంధ్రం కొన్ని గంటలల్లనే పూడుతది, ఎంటనే గొట్టం పెట్టుకొని ఉరకాలె. కాలువలకు దిగొద్దు. ఎప్పుడన్న ఆక్సిజన్ పెట్టాల్సొస్తె ముక్కుకు కాదు, మెడకు. ఆఖరిది నేను ఎర్ర పెన్నుతోని పెద్దగ రాసి నాయిన ఆధార్ వెనక పెట్టిన.

అమ్మ, తమ్ముడు, మా ఇంటామె చేసింది మా ఇంటి పనే, వాళ్లకు వేరే ఏం చెప్త.

అయ్యో, మాట నేర్పిన మేడంకు గూడ దండాలు, పేరు అడుగుడే మర్సిన. రక్తమిచ్చిన కొండమల్లేపల్లి పిల్లలిద్దరు. ఆస్పత్రి ముంగట జిరాక్స్ తమ్ముడు పైసలు తీసుకోకపాయె. ఇంకా మా మేకలు ఆరు నెలలు కాసిన పక్కింటి మామ, ఆయన్నే మర్సిన సూడు, తిడ్తడు ఇప్పుడు.

తెల్లారింది. నాయిన లేసి దొడ్డి దిక్కు పోతున్నడు, మెడ మీద వేలు పెట్టుకొని. ఉంట మరి.